14 వారాల కీటో: కండ నిలుపుకుంటూ కొవ్వు తగ్గించుకున్న నా అనుభవం

మొదటి వారం ముగిసిన రోజు ఉదయం తూకం యంత్రం 83.5 కిలోలు చూపింది. సరిగ్గా ఏడు రోజుల ముందు అదే యంత్రం మీద నా బరువు 86.4. వారంలో 2.9 కిలోలు దిగిపోయిన ఆనందంలో ఆ సాయంత్రం జిమ్‌లో అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ కీటో, అంటే పిండిపదార్థాలు దాదాపుగా మానేసి కొవ్వు ఎక్కువగా తినే ఆహార పద్ధతి, గొప్పతనాన్ని వివరించాను. ముందే కూర్చుని లెక్క వేసుకుని ఉంటే అంత మాట్లాడేవాణ్ణి కాదు. ఒంట్లోని ఒక కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 క్యాలరీల లోటు ఏర్పడాలి, 2.9 కిలోలకు అది ఇరవై రెండు వేలు దాటుతుంది. నా శరీరం రోజుకు ఖర్చు చేసేది 2,600 క్యాలరీలు. అంటే వారమంతా పూర్తిగా పస్తున్నా ఏర్పడే లోటు పద్దెనిమిది వేల పైచిలుకు మాత్రమే. మరి రోజూ రెండు వేల క్యాలరీలు తింటూ దాదాపు మూడు కిలోల కొవ్వును పోగొట్టుకోవడం ఎలా సాధ్యం?

పోయినదానిలో ఎక్కువ భాగం నీరు. మనం తిన్న పిండిపదార్థాలలో కొంత గ్లైకోజెన్‌గా మారి కండరాలలోనూ కాలేయంలోనూ నిలవ ఉంటుంది. బరువులెత్తే అలవాటున్న మగవాడిలో ఆ నిలవ అంతా కలిపి నాలుగైదు వందల గ్రాములు ఉంటుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ తనతోపాటు సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. పిండిపదార్థాలు ఆపేయగానే ఆ నిలవలో పెద్ద భాగం ఖర్చయిపోతుంది, దాని వెంట నీరూ పోతుంది. అదే సమయంలో ఇన్సులిన్ తగ్గడం వల్ల మూత్రపిండాలు ఉప్పును, దానితోపాటు మరికొంత నీటిని బయటికి పంపేస్తాయి. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే నాలుగో రోజు నుంచి నేను పడిన బాధలో చాలా భాగం తప్పేది. దాని గురించి తరువాత చెబుతాను.

తొమ్మిదేళ్లుగా బరువులెత్తుతున్నాను. పోటీలలో పాల్గొన్నవాణ్ణి కాను గాని, కండ పెంచడం, ఆపైన కొవ్వు దించడం అనే చక్రంలో చాలాసార్లు తిరిగాను. కండ పెంచడం నాకు సులువు. కొవ్వు దించడం దగ్గరే రెండుసార్లు చేతులెత్తేశాను. ఆ రెండుసార్లూ కొవ్వు బాగా తగ్గించి పిండిపదార్థాలు ఎక్కువగా ఉండే ఆహారమే తీసుకున్నాను. లెక్క ప్రకారం అందులో తప్పేమీ లేదు, కానీ ఆకలి లెక్కలు వినదు. రాత్రి పది దాటాక వంటగదిలో దీపం వేసి డబ్బాలు వెతికే మనిషిగా మారిపోయేవాణ్ణి. అందుకే ఈసారి కీటో ఎంచుకున్నాను. పైకి మాత్రం కారణం వేరేగా చెప్పేవాణ్ణి: ఇన్సులిన్ తగ్గితే కొవ్వు దానంతటదే కరుగుతుందని, క్యాలరీలు లెక్కపెట్టనక్కరలేదని. ఆ మాటను నిజంగానే నమ్మాను కూడా.

మొదలుపెట్టే ముందు చేసిన ఒక్క తెలివైన పని రక్త పరీక్షలు చేయించుకుని వైద్యుణ్ణి కలవడం. మూత్రపిండాలు, కాలేయం, కొవ్వుల వివరాలు చూశాక ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఏ మందులు వాడుతున్నారని. రక్తపోటు మందులు వాడేవారికి నీరు, ఉప్పు పోవడం వల్ల రక్తపోటు మరీ పడిపోవచ్చు. ఇన్సులిన్ తీసుకునేవారికి చక్కెర ప్రమాదకరంగా తగ్గిపోవచ్చు. మధుమేహానికి వాడే ఎస్‌జీఎల్‌టీ2 రకం మందులు వేసుకుంటూ కీటో చేస్తే చక్కెర మామూలుగానే కనిపిస్తున్నా రక్తం ఆమ్లంగా మారే కీటోఅసిడోసిస్ రావచ్చు. నేను ఏ మందూ వాడటం లేదు కాబట్టి ఆయన సరేనన్నారు, మూడు నెలలకు మళ్లీ పరీక్షలు చేయించాలన్న షరతు మీద.

తొలి పొరపాటు నేను దింపుకున్న ఆహార పట్టికతోనే మొదలైంది. కీటో ఆహారం పుట్టింది కండల కోసం కాదు, మూర్ఛ వ్యాధి కోసం. ఉపవాసం ఉన్నప్పుడు మూర్ఛలు తగ్గుతాయన్న పరిశీలన చాలా పాతది. ఉపవాసంలో కాలేయం కొవ్వు నుంచి తయారు చేసే కీటోన్లు అనే ఇంధనాన్ని, తింటూనే పుట్టించే ఆహారాన్ని 1921లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యుడు రస్సెల్ వైల్డర్ ప్రతిపాదించాడు. ఆ పేరు పెట్టింది కూడా ఆయనే. ఆ చికిత్సలో ప్రామాణికమైన పాళ్లు నాలుగుకు ఒకటి: ప్రోటీన్, పిండిపదార్థాలు రెండూ కలిపి ఒక గ్రాము ఉంటే కొవ్వు నాలుగు గ్రాములు. పిల్లల మూర్ఛను అదుపు చేయడానికి కీటోన్లు ఎక్కువగా ఉండాలి కనుక ఆ పాళ్లకు అర్థం ఉంది. నా పట్టిక అంత కఠినమైనది కాకపోయినా దాని ధోరణి అదే. ప్రోటీన్ ఎక్కువైతే అది చక్కెరగా మారి కీటోసిస్ (శరీరం కీటోన్లను ఇంధనంగా వాడుకునే స్థితి) చెడిపోతుందని హెచ్చరించి, నాకు రోజుకు 95 గ్రాములు మాత్రమే కేటాయించింది.

86 కిలోల మనిషి క్యాలరీలు తగ్గించుకుని, వారానికి నాలుగు రోజులు బరువులెత్తుతూ, 95 గ్రాముల ప్రోటీన్‌తో కండ నిలుపుకోవాలనుకోవడం అత్యాశ. కండరాల కోసం శ్రమించేవారికి శరీర బరువులో కిలోకు 1.6 నుంచి 2.2 గ్రాముల వరకు అవసరమని సాధారణంగా అంగీకరించిన లెక్క. ప్రోటీన్ నుంచి కాలేయం చక్కెరను తయారు చేయగలదన్నది నిజమే, కానీ ప్రధానంగా అవసరాన్ని బట్టి చేసుకుంటుంది. ఒక కోడి మాంసం ముక్క ఎక్కువ తిన్నంత మాత్రాన అదంతా చక్కెరగా మారిపోదు. పదకొండో రోజున పట్టికను పక్కన పెట్టి నా లెక్క నేనే వేసుకున్నాను: ప్రోటీన్ 160 గ్రాములు, పిండిపదార్థాలు 25 గ్రాములు, కొవ్వు 145 గ్రాములు, మొత్తం 2,045 క్యాలరీలు. ఎక్కువగా గుడ్లు, కోడి మాంసం, చేపలు, చీజ్, ఆకుకూరలు, అవకాడో, బాదం, ఆలివ్ నూనె. మార్చిన తరువాత రక్తంలో కీటోన్లు కొద్దిగా తగ్గాయి గాని కీటోసిస్ పోలేదు. కండలు పెంచేవాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు. విన్స్ జిరోండా వంటి పాతతరం శిక్షకులు కీటోన్ల పేరెత్తకుండానే మాంసం, గుడ్లతో శిష్యులను పోటీలకు తయారు చేసేవారు.

ఇక నాలుగో రోజు సంగతి. ఉదయం లేవగానే తల దిమ్మెక్కినట్టు ఉంది. మధ్యాహ్నానికి నుదుటి మీద ఎవరో బిగించి కట్టినంత నొప్పి. సాయంత్రం నేల మీది బరువును పైకెత్తే డెడ్‌లిఫ్ట్ చేసి, బార్ కింద పెట్టి నిటారుగా నిలబడగానే కళ్లు చీకట్లు కమ్మి, పక్కనున్న స్తంభాన్ని పట్టుకోవలసి వచ్చింది. ఆ రాత్రి పిక్కలు పట్టేసి రెండుసార్లు మెలకువ వచ్చింది. దీన్నే కీటో ఫ్లూ అంటారని, ఓర్చుకుంటే అదే పోతుందని జిమ్‌లో శిక్షకుడు చెప్పాడు. ఓర్చుకున్నాను. మూడు రోజులు ఓర్చుకున్నాను. తరువాత తెలిసిందేమిటంటే, ఇందులో ఓర్పుతో పని లేదు, ఉప్పుతోనే పని. శరీరం ఉప్పును బయటికి పారబోస్తుంటే, పొట్లాల్లో వచ్చే చిరుతిళ్లన్నీ మానేసి, నేను నా వంతుగా లోపలికి వెళ్లే ఉప్పును కూడా తగ్గించేశాను. ఆపైన ఆరోగ్యం పేరు చెప్పి రోజుకు ఐదు లీటర్ల నీళ్లు తాగి, ఉన్నదాన్ని మరింత పలచన చేశాను.

ఎనిమిదో రోజున ఎముకల రసంలో అర చెంచా ఉప్పు కలుపుకుని తాగాను. నలభై నిమిషాల్లో తల తేలికపడింది. అంత వేగంగా పనిచేసే మందును నేను ఇంతవరకు చూడలేదు. అప్పటి నుంచి రోజు మొత్తానికి పది, పన్నెండు గ్రాముల ఉప్పు తీసుకున్నాను, అంటే సోడియం నాలుగు గ్రాముల పైచిలుకు. అందులో ఒక భాగాన్ని వ్యాయామానికి ముప్పావుగంట ముందు ఉంచుకున్నాను. పొటాషియం కోసం ఆకుకూరలు, అవకాడో, చేపల మీదే ఆధారపడ్డాను. దాన్ని మాత్రల రూపంలో సొంతంగా వేసుకోవడం గుండెకు ప్రమాదం. రాత్రి మెగ్నీషియం మాత్ర వేసుకున్నాను, పిక్కలు పట్టేయడం ఆగిపోయింది. ఇంత ఉప్పు నా రక్తపోటు మామూలుగా ఉండబట్టి, వైద్యుడికి చెప్పిన తరువాతే తీసుకున్నాను. అధిక రక్తపోటు గాని, గుండె, మూత్రపిండాల జబ్బు గాని ఉన్నవారికి ఈ కొలత పనికిరాదు.

రెండో వారంలో మరో మార్పు కనిపించింది. దాన్ని మొదట గమనించింది నా భార్య. "మీ దగ్గర గోళ్ల రంగు తుడిచే మందు వాసన వస్తోందండీ, ఏం పూసుకున్నారు?" అని అడిగింది. పూసుకున్నదేమీ లేదు. కాలేయం కొవ్వు నుంచి తయారు చేసే కీటోన్లు మూడు: అసిటోఅసిటేట్, బీటా హైడ్రాక్సీబ్యుటిరేట్, అసిటోన్. మూడోది ఊపిరిలో బయటికి వస్తుంది. గోళ్ల రంగు తుడిచే ద్రవంలో ఉండేది కూడా అదే. కీటోసిస్‌లోకి వెళ్లానన్న సాక్ష్యం దొరికిందని నేను పొంగిపోతుంటే, ఆమె తన తలగడను మంచం అవతలి అంచుకు జరుపుకుంది. ఆ వాసన ఐదో వారానికి దాదాపుగా పోయింది.

ఈ సాక్ష్యాల పిచ్చి గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నన్ను ఎక్కువ కాలం దారి తప్పించింది ఇదే. మూత్రంలో ముంచి రంగు చూసే కాగితపు పట్టీలు మొదటి రోజే కొన్నాను. రెండో వారంలో ముదురు ఊదారంగు వచ్చేది; చూసుకుని మురిసిపోయేవాణ్ణి. నాలుగో వారానికి రంగు వెలిసిపోయింది. ఏదో తప్పు తింటున్నానని భయపడి, పాలకూరను కూడా తగ్గించాను. నిజానికి ఆ పట్టీ కొలిచేది మూత్రంలో వృథాగా పోతున్న అసిటోఅసిటేట్‌ను మాత్రమే. రోజులు గడిచేకొద్దీ వృథాగా పోయేది తగ్గుతుంది. నీళ్లు ఎక్కువ తాగితే రంగు ఇంకా పలచబడుతుంది. తరువాత వేలి రక్తంతో కొలిచే యంత్రం తెచ్చుకున్నాను. లీటరుకు 0.5 నుంచి 3 మిల్లీమోల్స్ మధ్య ఉంటే ఆహారపు కీటోసిస్ అంటారు. నాకు సాధారణంగా 0.6 నుంచి 1.4 మధ్య ఉండేది.

అక్కడితో ఆగితే బాగుండేది. ఆ అంకెను పరీక్షలో వచ్చే మార్కులా చూడటం మొదలుపెట్టాను. 0.7 వస్తే నిరాశ, 1.4 వస్తే ఆనందం. కాఫీలో వెన్న, మీగడ, ఎంసీటీ నూనె (కాలేయం తేలిగ్గా కీటోన్లుగా మార్చుకునే రకం కొవ్వు) కలుపుకుని తాగితే 2.1 వచ్చింది. ఆ కాఫీ రోజూ అలవాటు చేసుకున్నాను. ఏడో వారం నుంచి తొమ్మిదో వారం దాకా తూకం 81 దగ్గర మొరాయించింది, నడుము కొలతా కదలలేదు. రక్తంలో కీటోన్లు మాత్రం ఎన్నడూ లేనంత ఎక్కువ. కొవ్వు కరిగితేనే కీటోన్లు వస్తాయి కదా, మరి కరిగే కొవ్వు ఎక్కడిది అని మూడు వారాలు బుర్ర బద్దలుకొట్టుకున్నాను. సమాధానం నా చేతిలోని కప్పులోనే ఉంది. కాలేయానికి కొవ్వు నడుము నుంచి వచ్చిందా, కాఫీ నుంచి వచ్చిందా అన్న పట్టింపు లేదు. ఏది ముందు దొరికితే దానితోనే కీటోన్లు తయారు చేస్తుంది.

ఒక ఆదివారం తిన్న ప్రతిదాన్నీ గ్రాముల త్రాసు మీద పెట్టి రాశాను. ఒక్క పెద్ద చెంచా నూనె 120 క్యాలరీలు. వంటలో కళ్లతో చూసి ఒంపింది మూడు చెంచాలు. వంద గ్రాముల బాదంలో 580 క్యాలరీల దాకా ఉంటాయి. వచ్చేపోయేటప్పుడు పిడికిట్లోకి తీసుకున్నవి ఆ రోజు 70 గ్రాములు తేలాయి. కాఫీ ఒక్కటే దాదాపు 300. రెండు వేలు అనుకుంటూ నేను తింటున్నది 2,600కు చాలా దగ్గర, అంటే ఖర్చు చేస్తున్నదంతా తింటున్నాను. ఇన్సులిన్ తగ్గితే చాలు, క్యాలరీలు అక్కరలేదన్న నా నమ్మకం ఆ సాయంత్రంతో ముగిసింది. ఆ తరువాతే తెలిసింది, అమెరికాలో కెవిన్ హాల్ బృందం 2016లో ప్రచురించిన అధ్యయనంలో ఈ నమ్మకాన్నే పరీక్షించారని. అధిక బరువున్న 17 మంది పురుషులను పరిశోధన వార్డులోనే ఉంచి, నాలుగు వారాలు మామూలు ఆహారం, తరువాత నాలుగు వారాలు అన్నే క్యాలరీల కీటో ఆహారం ఇచ్చారు. ఇన్సులిన్ బాగా తగ్గింది. కొవ్వు తగ్గే వేగం మాత్రం పెరగలేదు.

మరి కీటో వల్ల నాకు ఒరిగిందేమిటి? ఆకలి తగ్గింది, అంతే. అది చిన్న సంగతి కాదు. మూడో వారం నుంచి రాత్రి పది గంటల వంటగది ప్రయాణాలు వాటంతటవే ఆగిపోయాయి. భోజనానికీ భోజనానికీ మధ్య ఆరు గంటలు గడిచినా చేతులు వణకడం, కోపం రావడం లేవు. ప్రోటీన్ పెరగడం వల్ల కొంత, కీటోన్ల వల్ల కొంత, తినదగినవాటి జాబితా కుదించుకుపోవడం వల్ల మరికొంత అయి ఉండవచ్చు. ఏది ఎంతో నేను విడదీసి చెప్పలేను. ఏదేమైనా, ఇంతకుముందు రెండుసార్లు నన్ను ఓడించినది ఈసారి అసలు పోరుకే రాలేదు. తూకం కదలడానికి చేయవలసిందల్లా కొవ్వును 145 నుంచి 120 గ్రాములకు దించడం. రోజుకు 1,820 క్యాలరీలు. పదో వారం నుంచి మళ్లీ వారానికి అరకిలోకు పైగా తగ్గడం మొదలైంది. వెన్న కాఫీ మానేశాను. మళ్లీ 0.7 వచ్చేది. రెండు వారాల తరువాత ఆ యంత్రాన్ని సొరుగులో పడేశాను.

బరువులెత్తడం విషయంలో జరిగిన మార్పులు నేను ఊహించినట్టు లేవు. బలం పడిపోతుందనుకున్నాను. 120 కిలోల బార్ భుజాల మీద పెట్టుకుని స్క్వాట్, అంటే గుంజీలా కూర్చుని లేవడం, ఐదు రెప్స్ (వరసగా ఐదుసార్లు) చేసేవాణ్ణి. మూడో వారంలో అది 112 దాకా పడి, ఆరో వారానికి తిరిగి 117.5కు వచ్చింది. దెబ్బ తిన్నది పొడుగు సెట్లు, అంటే ఆపకుండా ఎక్కువ రెప్స్ చేసే విడతలు. 90 కిలోలతో పన్నెండు రెప్స్ తేలిగ్గా చేసేవాణ్ణి, ఎనిమిదో రెప్ దగ్గరే తొడలు మొద్దుబారి కదలనని కూర్చునేవి. ఊపిరి ఆడుతూనే ఉంటుంది, మనసులో సత్తువ ఉంటుంది, కాళ్లు మాత్రం రావు. కారణం తెలిస్తే ఇది సహజమే. పది సెకన్ల లోపు ముగిసే పెనుగులాటకు కండరంలో సిద్ధంగా ఉండే క్రియేటిన్ ఫాస్ఫేట్ చాలు. అరనిమిషం నుంచి నిమిషం దాకా సాగే సెట్‌కు మాత్రం గ్లైకోజెన్‌ను వేగంగా కాల్చవలసిందే. కొవ్వు, కీటోన్లు అంత వేగంగా శక్తినివ్వలేవు. కీటోకు అలవాటుపడితే అంతా సర్దుకుంటుందన్న మాట నెమ్మదిగా సైకిలు తొక్కేవారి విషయంలో చాలావరకు నిజం, నా పన్నెండో రెప్ విషయంలో కాదు.

ఇంకొక నష్టం ఉంది, దాన్ని లెక్కలోకి తీసుకోరు గాని మనసును చాలా బాధిస్తుంది. కండరంలో గ్లైకోజెన్ నిలవలు తగ్గాక పంప్, అంటే వ్యాయామం చేస్తున్నప్పుడు కండలు ఉబ్బడం, రాదు. అద్దంలో భుజాలు చదునుగా, ఛాతీ గాలి తీసిన బంతిలా కనిపించేవి. కొవ్వు తగ్గుతున్నకొద్దీ కండ తేలాలి కదా, నేనేమో చొక్కా తొడుక్కుంటే సన్నగా, విప్పితే నీరసంగా కనిపించాను. ఆ రోజుల్లో మానేద్దామని రెండు మూడుసార్లు అనుకున్నాను.

అందుకే పంథా మార్చుకున్నాను. ప్రధాన వ్యాయామాలను నాలుగు నుంచి ఆరు రెప్స్‌కే పరిమితం చేసి, సెట్ల మధ్య మూడు నిమిషాలు విశ్రాంతి తీసుకున్నాను. కాళ్ల రోజున 22గా ఉన్న సెట్లను 14కు తగ్గించాను. బార్ మీద బరువును మాత్రం వీలైనంతవరకు తగ్గనివ్వలేదు, ఎందుకంటే తక్కువ తింటున్నప్పుడు కండను నిలిపి ఉంచమని శరీరానికి చెప్పేది ఆ బరువే. క్రియేటిన్ రోజుకు ఐదు గ్రాములు మానలేదు. పదో వారం నుంచి కాళ్ల రోజున మాత్రం వ్యాయామానికి అరగంట ముందు ఇరవై గ్రాముల గ్లూకోజ్ నీళ్లలో కలుపుకుని తాగాను. దీని వల్ల పన్నెండు రెప్స్ తిరిగి రాలేదు, పది వచ్చాయి. నాకు అది చాలు.

వారాంతంలో ఒకటి రెండు రోజులు పిండిపదార్థాలు దండిగా తిని, మిగతా రోజులు కీటో పాటించే పద్ధతి కండల లోకంలో చాలాకాలంగా ఉంది. ఎనిమిదో వారంలో దాన్నీ ప్రయత్నించాను. కాగితం మీద శనివారం 400 గ్రాములు అని రాసుకున్నాను. శనివారం మధ్యాహ్నానికి కాగితం ఎక్కడుందో కూడా గుర్తు లేదు. రొట్టె, తేనె, పళ్లు, ఐస్‌క్రీం, చివరికి పిల్లల బిస్కెట్లు. ఆదివారం రాత్రి దాకా ఆగలేదు. సోమవారం తూకం 2.3 కిలోలు పెరిగింది. అందులో ఎక్కువ భాగం నీరేనని ఈసారి నాకు తెలుసు కనుక కంగారుపడలేదు, కానీ ఆకలి మళ్లీ అణగడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ పద్ధతి నిగ్రహం ఉన్నవారికి ఉపయోగపడుతుందేమో. నాకు కంచె ఉంటేనే పొలం మిగులుతుంది. వారానికోసారి కంచె తీసి పెట్టడం నా వల్ల కాదు.

మలబద్ధకం గురించి ఒక్క మాట: నాలుగో వారంలో పాలకూర తగ్గించినప్పుడు మొదలైంది, తిరిగి పెంచి, రోజూ రెండు చెంచాల అవిసె గింజల పొడి కలుపుకున్నాక పోయింది.

పద్నాలుగో వారం చివర తూకం 77.9. నడుము 96 సెంటీమీటర్ల నుంచి 87కు దిగింది. మొదలుపెట్టే ముందు, ఒంట్లో కొవ్వు, ఎముక, మిగతా భాగం ఎంతెంత ఉన్నాయో కొలిచే డెక్సా స్కాన్ చేయించుకున్నాను కనుక, మళ్లీ అదే యంత్రం మీద పడుకున్నాను. ఫలితం చూసి నా ముఖం పాలిపోయింది. తగ్గిన 8.5 కిలోలలో కొవ్వు 6.3, కొవ్వు కాని భాగం 2.2. రెండు కిలోలకు పైగా కండ పోయిందా? పద్నాలుగు వారాల కష్టంలో నాలుగో వంతు బూడిదలో పోసినట్టేనా? స్కాన్ తీసిన సాంకేతిక నిపుణుడు నివేదిక చేతిలో పెట్టి, "ప్రోటీన్ పెంచండి సార్" అని సలహా ఇచ్చాడు. ఇంటికి వచ్చాక నింపాదిగా ఆలోచిస్తే మొదటి వారం సంగతి గుర్తొచ్చింది. డెక్సా దృష్టిలో కొవ్వు కానిదంతా, ఎముకను మినహాయిస్తే, ఒకే పద్దు. కండరంలోని నీరు, గ్లైకోజెన్ కూడా అందులోనే పడతాయి. కీటోలో ఉన్న మనిషిని స్కాన్ చేస్తే, ఖాళీ అయిన నిలవ కూడా పోయిన కండలాగే కనిపిస్తుంది.

దాన్ని తేల్చుకునే దారి ఒక్కటే. పిండిపదార్థాలను క్రమంగా 250 గ్రాములకు పెంచి, ఆ మేరకు కొవ్వు తగ్గించి, పదిహేను రోజుల తరువాత మళ్లీ స్కాన్ చేయించుకున్నాను. బరువు 79.6. పెరిగిన 1.7 కిలోలలో కొవ్వు 0.2, కొవ్వు కాని భాగం 1.5. అంటే పద్నాలుగు వారాలలో నిజంగా పోయినది సుమారు 0.7 కిలో అనుకోవచ్చు, అది కూడా యంత్రపు తేడా పరిధిలోనే ఉంది. మొదటి వారం నాకు దొంగ సంతోషాన్నిచ్చిన నీళ్లే చివరి వారం దొంగ దుఃఖాన్నీ ఇచ్చాయి.

ఆ స్కాన్ తరువాత చాలామంది అడిగారు, కొవ్వు తగ్గింది కదా, ఇక కీటోలోనే ఉంటూ కండ పెంచవచ్చు కదా అని. నేను అందుకు సిద్ధపడలేదు. వర్గాస్ బృందం 2018లో ప్రచురించిన ఎనిమిది వారాల అధ్యయనంలో, బరువులెత్తే అలవాటున్న మగవారు కీటోలో క్యాలరీలు ఎక్కువ తిన్నా కొవ్వు తగ్గింది గాని కండ పెరగలేదు. పిండిపదార్థాలు తిన్నవారిలో పెరిగింది. ఇటలీలో పావోలీ బృందం 2021లో పోటీ స్థాయి బాడీబిల్డర్ల మీద రెండు నెలలు చేసిన అధ్యయనంలోనూ ధోరణి ఇదే. అదే పావోలీ బృందం 2012లో జిమ్నాస్ట్‌ల మీద జరిపిన ముప్పై రోజుల అధ్యయనంలో బలం తగ్గకుండానే కొవ్వు తగ్గింది. ఇవన్నీ కొద్దిమంది మీద చేసిన చిన్న అధ్యయనాలే, కానీ నేను వ్యాయామం రాసుకునే పుస్తకంలోని స్క్వాట్ అంకెలు కూడా ఇదే మాట చెబుతున్నాయి. కొవ్వు దించుతూ ఉన్నది నిలుపుకోవడానికి కీటో నాకు సరిపోయింది. కొత్త కండ కట్టడానికి పన్నెండో రెప్ కావాలి.

షరతు ప్రకారం పన్నెండో వారంలో చేయించుకున్న రక్త పరీక్షల సంగతి చివరికి ఉంచాను. రక్తంలోని కొవ్వులైన ట్రైగ్లిజరైడ్లు బాగా తగ్గాయి, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ కొద్దిగా పెరిగింది. చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ మాత్రం 112 నుంచి 168కి ఎక్కింది. కీటోలో కొందరికి, ముఖ్యంగా సన్నగా, చురుకుగా ఉండేవారికి, ఇలా జరుగుతుందని వైద్యుడు చెప్పారు. చాలాకాలం అలాగే కొనసాగించడం మంచిది కాదని, ముందు వెన్న, మీగడ, కొవ్వు మాంసం తగ్గించి వాటి స్థానంలో ఆలివ్ నూనె, చేపలు పెంచమని సూచించారు. మిగిలిన రెండు వారాలూ అలాగే చేశాను. పిండిపదార్థాలకు తిరిగి వచ్చిన రెండు నెలల తరువాత మళ్లీ పరీక్షిస్తే 118 వచ్చింది. ఆ నివేదిక చూశాకే ఆయన నా దస్త్రం మూసి పక్కన పెట్టారు. మళ్లీ ఎప్పుడైనా కీటో మొదలుపెడితే ఎనిమిదో వారంలోనే పరీక్ష చేయించుకుని రమ్మన్నారు.